నాలుగో వీల్ కప్పు

జాన్ ప్రసాద్‌కి కోపం తెప్పించడానికి రెండే దారులున్నాయి. అతని అంబాసిడర్‌ని పాత కారు అనడం ఒకటి, తడి చెప్పులతో అందులోకి ఎక్కడం రెండోది. ఆ పిల్ల మొదటి రోజే రెండూ చేసింది.

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద, రైస్ మిల్లు దాటాక ఉంటుంది అతని షెడ్డు. జూన్ నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచి కొట్టింది. జాన్ ప్రసాద్ వెనకాల కూర్చుని కార్బురేటర్ కడుగుతున్నాడు. ఇంతలో హారన్ మోగింది. ఎవరో రోడ్డు మీద కొట్టారనుకున్నాడు. కాదు, మోగింది తన అంబాసిడరే. పరుగెత్తుకొచ్చి చూస్తే గుమ్మంలో ఒక స్కూటీ, కారులో స్టీరింగ్ ముందు నర్సు యూనిఫాంలో ఒక అమ్మాయి. ఆమె జడలోంచి నీళ్ళు సీటు మీదికి బొట్టు బొట్టుగా కారుతున్నాయి.

"దిగండి మేడమ్. సీటు తడిసిపోతంది."

"తడవనీండి. ఈ పాత కారు మాది."

"ఆర్సీ నా పేరు మీదుందే."

"ఉంటే ఉండనీండి. ఆ డాష్‌బోర్డు డబ్బా తెరవండి. మూత లోపల మేకుతో ఏటి గీసుందో చదవండి."

జాన్ ప్రసాద్ తెరవనక్కర్లేదు. ఆ గీతలు అతనికి కంఠతా వచ్చు. కె. జ్యోతి, 2-బి.

"ఆ టూ-బీ మీరేనా? ఆ గీతలు పోగొట్టడానికి ఎమెరీ కాగితం కొని ఉంచాను."

"ముట్టుకుంటే మర్యాదగా ఉండదు," అంది కృపాజ్యోతి. తర్వాత తల బయటికి పెట్టి కిందికి చూసింది. కారు నాలుగు ఇటుకల దొంతుల మీద నిలబడి ఉంది, చక్రాలే లేవు. "అయ్యో, ఇది నడవదా?"

"మీరు ఎక్కి కూర్చున్నాక కూడా నడవకపోతే ఇంకెప్పుడు నడుస్తుంది లెండి," అన్నాడు జాన్ ప్రసాద్. అని తనే ఆశ్చర్యపోయాడు. అమ్మాయిలతో అలా మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

వాన తగ్గేలోపు సంగతంతా బయటపడింది. ఆ కారు జ్యోతి తాత క్రీస్తురాజుది. అబీద్ సెంటర్ నుంచి చింతపల్లి దాకా ముప్ఫై ఏళ్ళు టాక్సీ తిప్పాడు. పదహారేళ్ళ కిందట మామ్మకి ఆపరేషన్ అవసరమై అమ్మేశాడు. అక్కడి నుంచి అది చేతులు మారి మారి రావికమతం దగ్గర ఒక జీడితోటలో పిక్కల గోనెలకి గూడు అయింది. జాన్ ప్రసాద్ దాన్ని అక్కడే చూశాడు, చూసిన రోజే కొన్నాడు. పాత బండ్లని కొత్తవాటిలా చేసి పెళ్ళిళ్ళకీ ఫొటో షూట్లకీ తిప్పడం అతని పని. కానీ ఈ ఒక్కదాన్నీ అద్దెకి ఇవ్వకూడదని, తన కోసమే ఉంచుకోవాలని అనుకున్నాడు.

మర్నాడు జ్యోతి తాతని స్కూటీ వెనకాల కూర్చోబెట్టుకుని తెచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఊపిరితిత్తులు పాడై నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. బండి దగ్గరికి వచ్చాక మాత్రం ఆగలేదు. బానెట్ మీద అరచెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

"గేరు స్టీరింగ్ మీదే ఉంచీసావా బాబు?"

"ఉంచానండి. మార్చలేదు."

"మంచి పని సేసావు. అదుంటేనే ముందు సీటు పూర్తిగా ఉంటది. ముగ్గురు కూకోవచ్చు." ముసలాయన సీటు నిమిరాడు. "పెళ్ళైన కొత్తలో మీ మామ్మని మధ్యలో కూకోబెట్టీవోణ్ణి. అటుపక్క ఎవులూ నేకపోయినా సరే. కిటికీ పక్కకి జరగవే అంటే జరిగేది కాదు. గాలి పడదనేది. గాలేటి, అబద్ధం."

జ్యోతి పకపకా నవ్వింది. జాన్ ప్రసాద్ నవ్వలేదు. ఆ సీటు మధ్యన ఎవరు కూర్చుంటే బాగుంటుందో అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

వెళ్ళబోతూ క్రీస్తురాజు ఒక్కటే అడిగాడు. "ఒక్క ఆదివారం ఇందులో సర్చికి ఎల్లాలని ఉంది బాబు. ముసలిదాన్ని పక్కన కూకోబెట్టుకుని. నడిపే ఓపిక నేదులే. నువ్వే నడుపు."

"తప్పకుండా తాతగారూ. పూర్తవనీండి," అన్నాడు జాన్ ప్రసాద్.

ఆ "పూర్తవనీండి" అన్న మాటే కొంప ముంచింది.

*

జాన్ ప్రసాద్ తండ్రి కూడా మెకానిక్కే. ఆయన పోతూ పోతూ కొడుక్కి ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ ఒక సూత్రం ఇచ్చాడు. పని అవని బండి షెడ్డు గడప దాటకూడదు. దాటితే దాంతో పాటు మన పేరూ పోతుంది. జాన్ ప్రసాద్ చర్చి ఆరాధనైనా ఒక వారం మానేశాడేమో గానీ, ఆ సూత్రం ఎప్పుడూ తప్పలేదు.

జూలై అంతా ఇంజను పని. జ్యోతి ఆస్పత్రి డ్యూటీ దిగి రోజూ షెడ్డు మీదుగా వెళ్ళేది. అది ఇంటికి దగ్గర దారి కాదు, ఇద్దరికీ తెలుసు.

"ఇంకా అవలేదా? మా ఆస్పత్రిలో గుండె ఆపరేషన్‌కి కూడా ఇంత టైం పట్టదు."

"మీ పేషెంట్లకి స్పేర్ పార్టులు కలకత్తా నుంచి రానక్కర్లేదు కదా."

"మీకు మనుషులతో మాట్లాడటం రాదా? ఎంతసేపూ స్పానర్లూ, బోల్టులేనా?"

"మీతో మాట్లాడుతున్నాను కదండీ."

"ఇదా మాట్లాడటం," అని ఆమె టిఫిన్ డబ్బా బెంచీ మీద పెట్టేది. అందులో రెండు గారెలో, నాలుగు పకోడీలో ఉండేవి. మామ్మ పంపిందని చెప్పేది. మామ్మ ఎందుకు పంపుతుందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆగస్టు వచ్చేసరికి మీరు నువ్వు అయింది, అదీ ఎవరూ అనుకోకుండానే.

ఆగస్టు ఇరవయ్యో తారీకున ఇంజను స్టార్టయింది. చోక్ లాగి, రెండుసార్లు తిప్పాడు. మూడోసారికి అందుకుంది. జాన్ ప్రసాద్ ఒక్కడే ఉన్నాడు షెడ్డులో. ఫోన్ తీసి జ్యోతికి చెప్పబోయాడు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఉత్త ఇంజనేనా చెప్పేది, రంగు అవనీ అనుకున్నాడు. సెప్టెంబరులో రంగూ అయింది, వెన్న రంగు. చక్రాలు ఎక్కాయి. అప్పటి నుంచి బండి మీద టార్పాలిన్ కప్పేశాడు. ఎవరికీ చూపించేది లేదు. ఒక ఆదివారం పొద్దున్నే పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించి, నేరుగా బలిఘట్టంలో వాళ్ళ ఇంటి ముందు ఆపాలి. తాతని, మామ్మని చర్చికి తీసుకెళ్ళాలి. తిరిగొచ్చాక జ్యోతిని మధ్య సీట్లో కూర్చోమనాలి. అదీ అతని ప్లాను. ప్రేమ సంగతి కూడా ఆ ప్లానులోనే, అన్నిటికంటే చివర రాసి ఉంది.

ఇంతా చేసి మిగిలింది ఒక్క వీల్ కప్పు. చక్రం మధ్యన మెరుస్తూ ఉండే స్టీలు మూత. జీడితోటలో బండి కొన్నప్పుడే మూడున్నాయి, నాలుగోది లేదు. విశాఖపట్నంలో డూప్లికేట్లు దొరుకుతాయి. పక్కపక్కన పెడితే అంచులో రెండు దారాల మందం తేడా. ఎవరికి కనిపిస్తుంది? జాన్ ప్రసాద్‌కి కనిపిస్తుంది. కలకత్తాకి ఫోన్ చేశాడు, కోయంబత్తూరుకి చేశాడు, పాత బండ్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టాడు. వస్తుంది వస్తుంది అన్నారు అందరూ.

సెప్టెంబరు చివరికి క్రీస్తురాజు మంచం దిగలేకపోయాడు. ఒక మధ్యాహ్నం జ్యోతి షెడ్డుకి వచ్చి, ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"తాత రోజూ అడుగుతున్నాడు. ఎలాగున్నా పర్లేదు, ఒక్కసారి తిప్పు ప్రసాద్. రంగు లేకపోతే ఏటి, డోర్లు లేకపోతే ఏటి."

"ఇంకో రెండు వారాలు. ఒక చిన్న పనుంది."

"ఏటా పని?"

అతను చెప్పలేదు. సర్‌ప్రైజ్ పోతుందని కొంత, లేని సామాను పేరు కస్టమరు ముందు ఎత్తకూడదనే షెడ్డు రోషం కొంత. "నీకు తెలీదులే," అన్నాడు.

ఆమె టార్పాలిన్ వైపు చూసింది. "నాకెందుకు తెలుస్తుంది. పెళ్ళి బుకింగ్ ఏదో వచ్చుంటది. ఫొటోల్లో బాగుండాలి కదా. మా తాత ఫొటోకి బాగోడు."

"అలా అనకు జ్యోతీ."

"నేను నర్సుని ప్రసాద్. తాత దగ్గర నీ రెండు వారాలు ఉన్నాయో లేవో నాకు తెలుసు."

తెలుసని అంత స్పష్టంగా చెప్పింది. ఇంకెవరైనా అయితే అప్పుడే టార్పాలిన్ లాగేసేవాడు. ఇతను మాత్రం ఆమె వెళ్ళగానే కలకత్తాకి ఫోన్ చేశాడు. పార్సిల్ గురువారానికి వస్తుందన్నారు. గురువారం వచ్చింది కూడా. విప్పి చూస్తే వేరే మోడల్‌ది. దాన్ని అలాగే చేతిలో పట్టుకుని కూర్చుని ఉండగా తెలిసినవాళ్ళెవరో ఫోన్ చేశారు. క్రీస్తురాజు గారు పొద్దున్న తొమ్మిదింటికి ప్రభువునందు నిద్రించారు.

జాన్ ప్రసాద్ బలిఘట్టం వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. జ్యోతి గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. అతన్ని చూసి ఒక్క మాట అడిగింది.

"బండి పూర్తయిందా?"

*

తిట్టినా బాగుండేది. జాన్ ప్రసాద్‌కి తిండి సయించలేదు, పని సాగలేదు. పనివాళ్ళని పంపేసి టార్పాలిన్ ముందు కూర్చునేవాడు. ఇంజను ఆగస్టులోనే తిరిగింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎన్ని ఆదివారాలో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఏడు. ఏడు ఆదివారాల్లో ఏ ఒక్కటైనా సరిపోయేది. ముసలాయన ముందు సీట్లో కూర్చుంటే చక్రం వైపు ఎవరు చూస్తారు? ఆయన ఎప్పుడైనా వీల్ కప్పు అడిగాడా? ఆయనకి కావలసింది తన బండి, పక్కన తన పెళ్ళాం. ఆ రెండూ ఉండి కూడా దక్కకుండా చేసింది తనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని తెలిసీ పట్టుకునే కూర్చున్నాడు.

పదకొండో రోజున జ్ఞాపకార్థ కూటం పెట్టారు. వెళ్ళాలా వద్దా అని కొట్టుమిట్టాడి చివరికి వెళ్ళాడు. పాస్టర్ గారు వాక్యం చెప్పారు, భోజనాలయ్యాయి. ఊరికే కూర్చోలేక ఎంగిలి విస్తళ్ళు ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళడం అతనికి అదే మొదటిసారి.

బావి పక్కన నాలుగు కోళ్ళు గుండ్రంగా చేరి నీళ్ళు తాగుతున్నాయి. అవి తాగుతున్న గిన్నె వైపు చూసి జాన్ ప్రసాద్ నిలబడిపోయాడు. అది గిన్నె కాదు. బోర్లించాల్సినదాన్ని వెల్లకిలా పెట్టారు. అంచు అదే, నొక్కు అదే, అడుగున ముద్ర అదే.

విస్తళ్ళ బుట్ట కింద పెట్టి కోళ్ళని తోలి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. నీళ్ళు చొక్కా మీద ఒలికాయి.

"దాన్నేటి సేస్తావు బాబూ?" వెనక నుంచి మామ్మ కరుణకుమారి అడిగింది. తెల్లచీరలో చిన్నగా ఉంది మనిషి. "కోళ్ళ గిన్నె అది."

"ఇది ఎక్కడిది మామ్మా?"

"మీ తాతదే. బండి అమ్మిన్నాడు ఆ చక్రం మూత ఒకటి ఊడదీసి సంచిలో ఎట్టుకొచ్చీసేడు. అంతా ఇచ్చీసేను, ఇదొక్కటి ఉండనీయే అన్నాడు. శానాళ్ళు పెట్టెలో దాసేడు. తరవాత నేనే కోళ్ళకి ఎట్టేను. తిట్టేడు గానీ తియ్యలేదు."

జాన్ ప్రసాద్ బావి గట్టు మీద కూలబడ్డాడు. మామ్మ కంగారుపడి జ్యోతిని కేకేసింది. జ్యోతి వచ్చి అతని ముఖం చూసింది, చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"దీని కోసమే," అన్నాడు అతను. "ఇదొక్కటే లేదు. ఆగస్టులోనే ఇంజను నడిచింది. రంగూ అయిపోయింది. ఇదొక్కటి దొరికాక తీసుకొద్దామని ఆగాను. కలకత్తా, కోయంబత్తూరు, అన్ని చోట్లా అడిగాను."

జ్యోతి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "పెళ్ళి బుకింగ్ కాదా?"

"ఈ బండిని అద్దెకివ్వను జ్యోతీ. ఎప్పుడూ అనుకోలేదు."

"ఏటా పని అని అడిగాను నిన్ను. నిలబడి అడిగాను."

"అడిగావు."

"ఒక్క మాట చెప్తే ఇచ్చేవాళ్ళం కదా ప్రసాద్. ఇక్కడే ఉంది కదా." అప్పుడు ఏడ్చింది ఆమె. తాత పోయిన రోజు ఆగిన ఏడుపంతా బావి దగ్గర వచ్చేసింది. "నాకు తెలీదులే అన్నావు."

"అన్నాను. తప్పు నాదే."

"సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టు," అంది మామ్మ, ఎవరినీ తిట్టకుండా, తనలో తను అనుకుంటున్నట్టు. కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జాన్ ప్రసాద్ లేచాడు. వీల్ కప్పుని మళ్ళీ వెల్లకిలా పెట్టి, బావిలోంచి నీళ్ళు తోడి నింపాడు. కోళ్ళు తిరిగొచ్చాయి.

"తీసుకెళ్ళవా?" అంది జ్యోతి.

"వద్దు. నీకెప్పుడు ప్రయాణం?"

విశాఖపట్నంలో పెద్ద ఆస్పత్రిలో ఆమెకి ఉద్యోగం వచ్చిందని కూటంలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు.

"వచ్చే సోమవారం," అంది ఆమె.

*

ఆదివారం పొద్దున్న సన్నగా చినుకులు పడుతున్నాయి. బలిఘట్టం సందులోకి వెన్న రంగు అంబాసిడర్ నెమ్మదిగా వచ్చి ఆగింది. ఒక వైపర్ తిరుగుతోంది, రెండోది ఆ పొద్దున్నే మొరాయించింది. వేరే రోజైతే జాన్ ప్రసాద్ దాని కోసం ఇంకో వారం ఆగేవాడు. ఎడమ పక్క వెనక చక్రానికి వీల్ కప్పు లేదు, బోల్టులు నల్లగా కనిపిస్తున్నాయి. పాస్టర్ గారికి కబురు చెయ్యలేదు.

జ్యోతి గుమ్మంలోకి వచ్చింది. ఆ రంగు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామ్మని చర్చికి తీసుకెళ్దామని," అన్నాడు జాన్ ప్రసాద్. గొడుగు తేలేదు, తడుస్తూనే నిలబడ్డాడు. "నీతో కూడా ఒక మాట చెప్పాలి. బాగా చెప్పాలని నాలుగు నెలల్నించి అనుకుంటున్నాను. బాగా రావట్లేదు. అయినా ఈవేళ చెప్పేస్తాను. నువ్వంటే ఇష్టం జ్యోతీ. మొదటి రోజు సీటు తడిపినప్పటి నుంచే."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"బండి పూర్తయ్యాక చెబుదామని."

ఆమె నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. "రేపు వెళ్ళిపోతున్నాను నేను."

"తెలుసు. విశాఖపట్నం రెండున్నర గంటలు. ప్రతి ఆదివారం వస్తాను. దారిలో ఆగిపోతే తోసుకుంటూ వస్తాను."

"నామీద ఇంకా కోపం పోలేదు అంటే?" అంది ఆమె, తడబడి, వెంటనే దిద్దుకుంది. "నీమీద. నీమీద నాకు."

"పోకపోతే పోనీ. నాకూ నామీద పోలేదు. కోపంతోనే ఎక్కు."

జ్యోతి కారు తలుపు తెరిచి డాష్‌బోర్డు డబ్బా మూత లాగింది. బండంతా కొత్త రంగే, లోపలి రేకుతో సహా. ఆ మూత లోపల మాత్రం పాత తుప్పు అలాగే ఉంది, దాని మీద మేకు గీతలూ అలాగే ఉన్నాయి. కె. జ్యోతి, 2-బి. ఆమె వాటిని వేలితో తడిమింది.

ఇంతలో మామ్మ బైబిలు సంచి చంకన పెట్టుకుని వచ్చింది. రెండో చేతిలో వీల్ కప్పు, చింతపండు పెట్టి తోమినట్టుంది, తళతళలాడుతోంది.

"ఇదిగో బాబూ. ఎట్టీసుకో."

"వద్దు మామ్మా. తాత ఒకటి ఉండనీ అన్నారు కదా. ఇక్కడే ఉండనీ."

మామ్మ అతని ముఖంలోకి చూసింది. చూసి, కప్పుని అరుగు మీద పెట్టింది. తర్వాత బానెట్ మీద, తన మొగుడు జూన్‌లో చెయ్యి వేసిన చోటే చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. "ప్రబువా, ఈ బండికి మూడు కప్పులే ఉన్నాయి. సూసి కాపాడు. ఈ పిల్లల్నీ అలాగే సూడు. ఆమెన్."

జాన్ ప్రసాద్ ముందు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మధ్య సీటు మామ్మదని అతనికి తెలుసు, అందుకే ఆమె మొదట ఎక్కాలని చూస్తున్నాడు. మామ్మ కదల్లేదు. మనవరాలి భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

"నువ్వెక్కు. మధ్యలో కూకో."

"అది నీ చోటు మామ్మా."

"నాకు గాలి కావాల. కిటికీ పక్కన కూకుంటాను," అంది కరుణకుమారి.

జ్యోతి ఎక్కి మధ్యలో సర్దుకుంది. భుజం భుజానికి తగిలింది, ఇద్దరూ అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. మామ్మ కిటికీ అద్దం దించుకుంది. చినుకులు ముఖం మీద పడుతున్నా తుడుచుకోలేదు. జాన్ ప్రసాద్ గేరు వేసి, ఆరాధన మొదలయ్యే టైం అయిందని కొంచెం గట్టిగానే యాక్సిలరేటర్ నొక్కాడు.

"నెమ్మదిగా పోనీ బాబూ," అంది మామ్మ, బయటికి చూస్తూనే. "బేగి రావాల్సినప్పుడు రానేదు. ఇప్పుడు తొందరేటి."